వలలో పడినవాటితోనే పిల్లలకు జీవుల వర్గాలు చెప్పాలంటే ఎలా?

ఛత్రపురం టీచరమ్మ
అందరికీ నమస్కారం. గోపాలపురం దగ్గర మన తెలుగు జాలర్ల పేటలో సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతున్నాను. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలో చదువుతారు. సైన్సులో జంతువుల వర్గీకరణ పాఠం వచ్చింది. పొరిఫెరా, నిడేరియా, ప్లాటిహెల్మింథిస్, నెమటోడా, అనెలిడా, ఆర్థ్రోపొడా, మొలస్కా, ఇఖైనోడర్మేటా అని గడగడా అప్పజెప్పేస్తున్నారు. అందులో ఒక్కటి చూపించమంటే మాత్రం ఎవరూ నోరు విప్పరు. పొద్దున్నే వీళ్ల నాన్నలు లాగే అలివి వలలో వీటిలో సగం వర్గాలు ఇసుక మీద పడి ఉంటాయి. ఆ కుప్పనే పాఠం చేద్దామని నా కోరిక. మైక్రోస్కోపు లేదు. చేత్తో పట్టుకుని, కంటితో చూసి గుర్తుపట్టే లక్షణాలు కావాలి. దేనితో మొదలుపెట్టాలి?

ఒక పాప అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు: "టీచర్, చేపకి రొయ్య దగ్గరి చుట్టమా, సముద్ర నక్షత్రం దగ్గరి చుట్టమా?" రేపు చెబుతానని ఇంటికి వచ్చాను.

పర్లాకిమిడి మాస్టారు
అమ్మా, చాలా మంచి పని చేస్తున్నారు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

అందరూ వెన్నెముక ఉన్నవి, లేనివి అన్న విభజనతో మొదలుపెడతారు. పనికొచ్చేదే. అయితే అకశేరుకాలు అన్నది ఒక కుటుంబం పేరు కాదని పిల్లలకు మొదటి రోజే చెప్పండి. ఒక ఎముక లేదన్న కారణంతో వాటన్నిటినీ ఒకచోట పడేశాం, అంతే. భూమ్మీద మనకు తెలిసిన జంతుజాతుల్లో నూటికి తొంభై అయిదుకు పైగా అవే. జలగకీ జెల్లీచేపకీ మధ్య ఉన్న తేడా, చేపకీ మనిషికీ మధ్య ఉన్న తేడా కంటే చాలా పెద్దది.

అందుకని వెన్నెముకను కాసేపు పక్కన పెట్టి, ప్రతి జీవినీ చేతిలోకి తీసుకుని ఇలా అడగమనండి. దీన్ని కోస్తే ఎడమ కుడి సమానంగా వచ్చే గీత ఒక్కటే ఉందా, చుట్టూ ఎటు కోసినా సమానంగా వస్తుందా? ఒళ్లంతా ఉంగరాల్లా ఖండాలు ఉన్నాయా? కాళ్లు ఉంటే వాటికి కీళ్లు ఉన్నాయా? గట్టి పెంకు లోపల మెత్తని ఒళ్లు, దాని మీద కప్పులాంటి పొర ఉందా? ఈ ప్రశ్నలతోనే కుప్పలో చాలా భాగం విడిపోతుంది. వర్గం పేరు ఆఖర్న చెప్పండి. పేరు ముందే చెబితే పిల్లలు చూడటం మానేస్తారు. నా సర్వీసంతా చూసింది అదే.

గోపాలపురం తెప్ప
అక్కా, మాదీ ఆ పేటే. మా నాన్నతో వేటకి వెళ్తుంటాను. అలివి వలలో మామూలుగా కవళ్లు, కానాగంతలు, చిన్న రొయ్య, పీతలు, అప్పుడప్పుడు స్క్విడ్డు, టేకు (చదునుగా, తోక ముల్లుతో ఉండే చేప) పిల్లలు పడతాయి. గవ్వలు, గుల్లలు, నక్షత్రాలు అడుగున ఇసుకతోపాటు వస్తాయి. కొన్ని నెలల్లో జెల్లీ పడి వల బరువెక్కిపోతుంది. చేతులు మండిపోతాయి, దద్దుర్లు లేస్తాయి. జెల్లీని మాత్రం పిల్లల చేత పట్టించొద్దు. ఎండిపోయి ఒడ్డున పడి ఉన్నదైనా అంతే.

పర్లాకిమిడి మాస్టారు
తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నిడేరియా వర్గాన్ని గుర్తించే లక్షణం ఆ మంటే. జెల్లీచేపలు, సముద్ర పుష్పాలు, పగడాలు, మంచినీటి హైడ్రా అన్నిటికీ చర్మంలో దంశకణాలు ఉంటాయి. ఒక్కో కణంలో ఒక చిన్న గుళిక, అందులో చుట్ట చుట్టుకుని ఉన్న సన్నని గొట్టం. ఏదైనా తగిలీ తగలగానే గొట్టం తిరగబడి బయటికి దూసుకొచ్చి విషం ఎక్కిస్తుంది. జంతు ప్రపంచంలో అతి వేగంగా జరిగే కదలికల్లో ఇదొకటి. ఆ కణం పనిచేయడానికి జీవి బతికి ఉండనక్కర్లేదు. అందుకే చచ్చిన జెల్లీ కూడా కుడుతుంది.

లోపల చూస్తే పొట్ట ఒక సంచి. తినేదీ విసర్జించేదీ ఒకే రంధ్రం నుంచి. తలా తోకా లేవు, మెదడు లేదు, వలయ సౌష్ఠవం, అంటే చుట్టూ ఎటు కోసినా సమానమే. ఒంటికి రెండే కణపొరలు, వాటి మధ్య జిగురు. నీలం రంగు బుడగలా తేలి వచ్చి పొడవాటి దారాలు వేలాడే ఫైసాలియా ఒకటి ఉంటుంది. అది ఒక జీవి కాదు, కలిసి బతికే చిన్న జీవుల గుంపు. దానికి పిల్లల్ని చాలా దూరంగా ఉంచండి.

స్పంజికలు (పొరిఫెరా) ఇంకా సాదా జీవులు. వాటికి కణజాలాలంటూ లేవు, నోరు లేదు. ఒంటి నిండా ఉన్న సన్న రంధ్రాల్లోంచి నీళ్లు లోపలికి పోయి పెద్ద రంధ్రంలోంచి బయటికి వస్తాయి, ఆ నీళ్లలో ఉన్నదే తిండి. చెప్పుకోవడానికి ఇంతే చాలు.

రాయగడ సిస్టర్
జెల్లీ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. కుట్టినచోట మంచినీళ్లు పోయకండి, ఇసుకతో రుద్దకండి. రెండిటివల్లా ఇంకా పేలని గుళికలు పేలతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న దారాల్ని చేత్తో కాకుండా పుల్లతోనో ప్లాస్టిక్ కార్డుతోనో తీసేయాలి. ఆ తర్వాత చర్మం ఓర్చుకునేంత వేడినీళ్లలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ పట్టేసినా, ముఖం వాచినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇంకో సంగతి. వలలో కనబడని రెండు వర్గాలు ఆ పిల్లల కడుపులోనే ఉండొచ్చు. చదునుగా ఉండేవి ప్లాటిహెల్మింథిస్, అంటే బద్దెపురుగులు. గుండ్రంగా దారంలా ఉండేవి నెమటోడా, అంటే ఏలికపాములు, నులిపురుగులు, కొంకిపురుగులు. బద్దెపురుగుకి పేగే లేదు, మన పేగులో అరిగిన తిండిని ఒంటితోనే పీల్చుకుంటుంది. గుండ్రటి పురుగుకి నోటి నుంచి మలద్వారం దాకా పూర్తి గొట్టం ఉంటుంది, ఒంటి మీద గట్టి పొర ఉంటుంది. ఫిబ్రవరి 10న బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు కదా, ఆ మాత్ర ఎందుకో చెబితే ఈ పాఠం అక్కడే అయిపోతుంది. మన తీర జిల్లాల్లో బోదకాలు తెచ్చేది కూడా నెమటోడాయే, దోమ దాన్ని మోస్తుంది అంతే. పిల్లలు ఇళ్లలో ఆ కాళ్లు చూసే ఉంటారు. ఈ రెండు వర్గాల్నీ వదిలేయకండి టీచరమ్మా.

ఇద్దరు పిల్లల తండ్రి, బరంపురం
అందరూ బాగానే చెబుతున్నారు గానీ, పరీక్షలో అడిగేది ఏ వర్గానికి ఏ లక్షణం అనే కదా? శరీరకుహరం (ఒంటి గోడకీ పేగుకీ మధ్య ఖాళీ) ఉందా లేదా, ఖండీభవనం, రక్తప్రసరణ తెరిచి ఉందా మూసి ఉందా అని ఒక పట్టిక ఇచ్చేస్తే పిల్లలు రాసుకుంటారు. మా పెద్దవాడికి ఇవన్నీ కలిసిపోయి టెన్షన్ వచ్చేసింది. ఒడ్డున ఆడిస్తే మార్కులు వస్తాయా?

పర్లాకిమిడి మాస్టారు
బాబూ, మీ ఆందోళన నాకు అర్థమైంది. పట్టిక రాసుకోవద్దని నేను అనను. కానీ పట్టికలో ఉన్న ప్రతి గడీ ఎవరో ఒక జీవిని కోసి చూసి రాసింది. మీ అబ్బాయికి అవి కలిసిపోవడానికి కారణం ఆ మాటల వెనక వస్తువు లేకపోవడమే. వానపామును ఒకసారి అరచేతిలో పెట్టుకుంటే ఖండాలు కనిపిస్తాయి. వేలితో వెనక్కి నిమిరితే గరుకుగా తగులుతుంది, అవి శూకాలు, అంటే సన్నని గట్టి వెంట్రుకల్లాంటివి. చర్మం కింద ఎర్రటి రక్తనాళం పోతూ కనిపిస్తుంది. మూసి ఉన్న రక్తప్రసరణ అంటే అదే, రక్తం నాళాల్లోనే తిరుగుతుంది. రొయ్య గుల్ల విప్పితే అలాంటి నాళాల వల కనబడదు, రక్తం అవయవాల మధ్య ఖాళీల్లోకి వచ్చేస్తుంది. ఈ రెండూ పక్కపక్కన చూసిన పిల్లవాడు పరీక్షలో ఆ గడీ తప్పు రాయడు.

కొరాపుట్ వైపు పొలాల్లో జలగలు బాగా దొరుకుతాయి. అవీ వానపాములాగే అనెలిడాయే. శూకాలు ఉండవు, ముందొకటి వెనకొకటి అంటుకునే పీల్చుడు చట్రాలు ఉంటాయి. పైకి ఎన్నో గీతలు కనబడినా లోపలి ఖండాలు 33 మాత్రమే.

గోపాలపురం తెప్ప
మాస్టారూ, తెప్ప అడుగున, రాళ్లకి పట్టుకుని ఉండే తెల్లటి గట్టి గుల్లలు ఏమిటి? కాలికి తగిలితే కోసేస్తాయి. మేము వాటిని గుల్లల్లోనే వేస్తాం. ఆల్చిప్ప జాతేనా?

బరంపురం బీఎస్సీ
అన్నా, ఇది నేను చెబుతాను, నాకు చాలా ఇష్టమైన జీవి. అవి బార్నకిల్స్. ఆల్చిప్ప జాతి కాదు, రొయ్యకీ పీతకీ చుట్టాలు! చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా వాటిని మొలస్కాలోనే లెక్కపెట్టారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ వాటి పిల్లల్ని గమనించాడు. పిల్లలు రొయ్య పిల్లల్లాగే ఈదుతూ తిరుగుతున్నాయి. తర్వాత అవి తలను రాయికి అతికించేసుకుని చుట్టూ సున్నపు గోడ కట్టుకుంటాయి. ఒక రాయిని సముద్రపు నీళ్లున్న గిన్నెలో పెట్టి కదలకుండా చూడమనండి. పైన తలుపు తెరుచుకుని ఈకల్లాంటివి బయటికి వచ్చి ఊగుతాయి. అవి కీళ్లున్న కాళ్లు. కాళ్లతో నీళ్లు తోడుకుని తింటుంది. ఆర్థ్రోపొడా అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు. పైన పెంకు చూసి మోసపోకూడదు, కాలి కీలు చూడాలి.

కాళ్ల లెక్క కూడా పెట్టించండి టీచర్. కీటకాలకి మూడు జతలు, సాలీడుకీ తేలుకీ నాలుగు జతలు, పీతకి కొండితో కలిపి ఐదు జతలు. రొయ్యకీ నడిచే కాళ్లు ఐదు జతలే, పొట్ట కింద ఉన్నవి ఈతకాళ్లు, వేరే. వీటి గుల్ల ఒంటితో పాటు పెరగదు, అందుకే విడిచేసి కొత్తది కట్టుకుంటాయి. గుల్ల విడిచిన మెత్తటి మండపీత పిల్లలకు తెలిసే ఉంటుంది. మనకు తెలిసిన జాతులు పది లక్షలు దాటిన వర్గం ఇది, మిగతా వర్గాలన్నీ కలిపినా దీనికి సాటిరావు.

బాలాసోర్ వైపు గుర్రపునాడా పీత అంటారు చూడండి, దానికి పీత అన్న పేరు ఊరికే వచ్చింది. నోటి ముందు ఉండే చిన్న కొండ్లు, కాళ్ల అమరిక సాలీడు, తేలు వైపువి. దాని రక్తంలో రాగి ఉంటుంది, గాలి తగిలితే నీలంగా మారుతుంది. ఆ జాతి జీవుల శిలాజాలు 44 కోట్ల ఏళ్ల నాటివి కూడా దొరికాయి.

ఛత్రపురం టీచరమ్మ
బార్నకిల్ సంగతి చదివి ఒళ్లు పులకరించింది బాబూ. రేపే గిన్నెలో పెడతాను. అయితే నిజంగా మొలస్కావి ఏవి? పిల్లలు ఒడ్డున తెల్లటి, తేలిగ్గా ఉండే పడవ ఆకారపు ముక్కలు ఏరుకొస్తారు. పెద్దలు సముద్రపు నురుగు అంటారు. చేప ఎముక అని పిల్లలు వాదిస్తున్నారు.

పర్లాకిమిడి మాస్టారు
అది చేప ఎముక కాదమ్మా. స్క్విడ్డుకి చుట్టమైన కటిల్ జాతి జీవి ఒంటి లోపల ఉండే పెంకు. నత్త పెంకు బయట మోస్తుంది, ఆల్చిప్ప రెండు పెంకుల మధ్య దాక్కుంటుంది, కటిల్ పెంకును లోపలికి తీసుకుంది. స్క్విడ్డులో అది పారదర్శకంగా ఉండే ఈకలాంటి పుల్లంత అయిపోయింది, కూరకి శుభ్రం చేసేటప్పుడు లాగి పారేస్తారు కదా, అదే. ఆక్టోపస్‌లో దాదాపు మిగల్లేదు. సముద్రపు నురుగును విరిచి చూస్తే సన్నని పొరలు, వాటి మధ్య గదులు కనబడతాయి. బతికున్నప్పుడు ఆ గదుల్లో గాలి, నీరు పాళ్లు మార్చుకుంటూ అది తేలడం, మునగడం చేస్తుంది.

మొలస్కా అంటే మెత్తని, ఖండాలు లేని ఒళ్లు. ఒంటిని కప్పే ప్రావారం అనే పొర ఉంటుంది, పెంకును స్రవించేది అదే. కండ కట్టిన పాదం ఉంటుంది. నత్త ఆ పాదంతో పాకుతుంది, ఆల్చిప్ప ఇసుకను తవ్వుతుంది, స్క్విడ్డులో అది చేతులుగానూ నీళ్లు చిమ్మే గొట్టంగానూ మారింది. నత్త నోట్లో ఆకురాయిలాంటి నాలుక ఉంటుంది, ఆల్చిప్పలకు అది లేదు, అవి నీళ్లు వడపోసుకుని తింటాయి. ఆక్టోపస్‌కి మూడు గుండెలు. మన తీరంలో గుల్లసున్నం కాల్చేది ఈ పెంకులనుంచే, అది కాల్షియం కార్బొనేట్ కాబట్టి.

సన్యాసి పీత దొరికితే తప్పకుండా చూపించండి. నత్త పెంకులో పీత ఉంటుంది. పెంకు ఒక వర్గానిది, లోపల ఉన్నది ఇంకో వర్గానిది. పిల్లలు దాన్ని దేనిలో వేస్తారో చూడండి.

సిరొంచ ప్రాణహిత
నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, సముద్రం మా ఊహకే దూరం. ఇక్కడా తెలుగు పిల్లలే, బడి మాత్రం మరాఠీ. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట మాకు దొరికేవి నత్తగుల్లలు, ఆల్చిప్పలు, జలగలు, ఏటి పీతలు, రొయ్యలు. సముద్ర నక్షత్రం లాంటిది ఒక్కటీ లేదు. మంచినీళ్లలో ఎందుకు ఉండదు? రెండోది, కొర్రమట్ట నీళ్లు లేకుండా చాలాసేపు బతుకుతుంది కదా, దానికి ఊపిరితిత్తులు ఉన్నట్టేనా?

బరంపురం బీఎస్సీ
మంచినీళ్లలో ఇఖైనోడర్మేటా ఒక్కటీ లేదు అన్నా, ఆ వర్గం మొత్తం సముద్రానిదే. వాటి ఒంట్లో నీటి గొట్టాల వ్యవస్థ ఉంటుంది, అందులో నిండేది దాదాపు సముద్రపు నీరే. ఒంట్లో ఉప్పు పాళ్లను బయటి నీటికి భిన్నంగా నిలుపుకునే అవయవాలు వాటికి లేవు, మంచినీళ్లలో తట్టుకోలేవు. నక్షత్రాన్ని తిరగేస్తే చేతుల కింద గాడిలో వందలకొద్దీ సన్నని గొట్టపు పాదాలు కదులుతుంటాయి. ఆల్చిప్పను పట్టి లాగి లాగి తెరిచేది వాటితోనే. సముద్రపు ముళ్లకాయ, ఇసుకలో దొరికే బిళ్లలాంటి సాండ్ డాలర్, సముద్ర దోసకాయ అన్నీ ఈ వర్గానివే, ఐదు భాగాల అమరిక అన్నిట్లో వెతికితే కనిపిస్తుంది. సముద్ర దోసకాయలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి టీచర్, వలలో వస్తే నీళ్లలో వదిలేయమనండి.

కొర్రమట్టది ఊపిరితిత్తి కాదు. మొప్పల పైన ఒక గది ఉంటుంది, అక్కడి చర్మం రక్తనాళాలతో నిండి గాలిలోని ఆక్సిజన్ తీసుకుంటుంది. మార్పు చేపలో అదే పని చేసేది చెట్టు కొమ్మల్లా ఉంటుంది. నిజంగా ఊపిరితిత్తులున్న చేపలు ప్రపంచంలో ఆరు జాతులే ఇప్పుడు మిగిలాయి, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లో.

పర్లాకిమిడి మాస్టారు
సిరొంచ వారూ, సముద్రం దూరమని బాధపడకండి. మీ కాళ్ల కింద చాలా పాత చేపలు ఉన్నాయి. మీ తాలూకాలోని కోట గ్రామం పేరు మీదే ప్రపంచమంతా "కోటా ఫార్మేషన్" అంటారు. జురాసిక్ కాలపు రాళ్లు అవి. అక్కడి సున్నపురాయిలో దొరికిన చేప శిలాజాలను 19వ శతాబ్దంలోనే పరిశీలించారు. అందులో ఒకదానికి లెపిడోటిస్ డెక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. నది అవతల, తెలంగాణ వైపు అదే రాళ్లలో దొరికిన డైనోసార్ బరపాసారస్ టాగోరై. మీ దగ్గర వడధామ్ శిలాజ పార్కు కూడా ఉంది కదా.

ఆ లెపిడోటిస్ పొలుసులు చూస్తే చేపల పాఠం సగం అర్థమవుతుంది. మందంగా, నలుపలకలుగా, మెరిసే పైపూతతో ఉంటాయి. ఇప్పటి చేపల్లో అలాంటి పొలుసు ఉత్తర అమెరికా గార్ చేపల్లో మిగిలింది. మనం తినే బొచ్చె, శీలావతి పొలుసులు పలచగా, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పండుగప్ప పొలుసు అంచును వేలితో రాయండి, సన్నని పళ్లు తగులుతాయి. సొరచేప పొలుసు ఇంకా వేరే, అది నిర్మాణంలో దంతమే.

సిరొంచ ప్రాణహిత
మాస్టారూ, కోట మా చుట్టాల ఊరు! ఊళ్లో ఎవరూ ఈ మాట చెప్పలేదు. పిల్లల్ని తీసుకెళ్తాను.

గోపాలపురం తెప్ప
సొర తోలు సంగతి మాకు తెలుసు. తోక వైపు నుంచి తల వైపు చెయ్యి వేస్తే తోలు ఊడిపోతుంది, ఆకురాయే. పాత రోజుల్లో కర్ర నునుపు చేయడానికి వాడేవారట. సొరా, టేకూ ఒకటేనా మాస్టారూ? రెండిటికీ ముళ్లు ఉండవు, మెత్తటి ఎముకే.

పర్లాకిమిడి మాస్టారు
ఒకటే విభాగం నాయనా, మృదులాస్థి చేపలు. అస్థిపంజరమంతా మృదులాస్థి, వెన్నుపూసల్లో కొంత సున్నం పేరుకుని గట్టిపడుతుంది. మొప్పలకు మూత ఉండదు, చీలికలు బయటికే కనబడతాయి, ఐదు నుంచి ఏడు జతలు. సొరకు ఆ చీలికలు మెడ పక్కన ఉంటాయి, టేకుకు పొట్ట వైపు. అనుమానం వచ్చినప్పుడు ఈ ఒక్కటి చూడండి. గిటార్ ఆకారపు చేప, రంపపు చేప సొరలా కనబడతాయి, చీలికలు మాత్రం అడుగున ఉంటాయి, కాబట్టి అవి టేకు వైపువి.

వీటికి గాలితిత్తి, అంటే చేపను తేల్చే గాలి సంచి, లేదు. సొర కార్జం అంత పెద్దగా, నూనెతో నిండి ఉండటానికి ఒక కారణం అదే, ఆ నూనె ఒంటి బరువు తగ్గిస్తుంది. మగదానికి పొట్ట రెక్కల దగ్గర రెండు కడ్డీలు ఉంటాయి. గర్భం లోపలే కడుతుంది, చాలా జాతులు పిల్లల్నే కంటాయి. కొద్దిగానే, ఆలస్యంగా కంటాయి కాబట్టి ఎక్కువ పడితే మళ్లీ కోలుకోలేవు. తిమింగల సొరను, రంపపు చేపల్ని పట్టడం నేరం. తిమింగల సొర చేపలన్నిటిలోకీ పెద్దది, పళ్లున్నా నీళ్లు వడపోసుకుని చిన్న జీవుల్నే తింటుంది.

మిగతా మన చేపలన్నీ అస్థి చేపలు. మొప్పల మీద గట్టి మూత, చాలావాటికి కడుపులో గాలితిత్తి. వంజరం కోసినా కవళ్లు కోసినా ఇదే. వీటికంటే పాతవి దవడ లేని చేపలు, హాగ్ చేప, లాంప్రే. జత రెక్కలు కూడా లేవు. మన తీరపు వలల్లో పడేవి కావు, బొమ్మ చూపించి ముందుకు వెళ్లండి.

రాయగడ సిస్టర్
టేకు తోక ముల్లు గుచ్చుకున్నా వేడినీళ్లే మొదటి సాయం. ముల్లు లోతుగా దిగితే లాగకుండా ఆస్పత్రికి రండి.

ఛత్రపురం టీచరమ్మ
మరి పాప ప్రశ్న? ఇంతమంది ఉన్నారు, ఎవరూ జవాబు చెప్పలేదు.

బరంపురం బీఎస్సీ
సముద్ర నక్షత్రమే టీచర్! చేపకి రొయ్య కంటే నక్షత్రం దగ్గర. పిండం మొదటి దశలో ఒక చిన్న బంతిలా ఉంటుంది. దానికి ఒకచోట సొట్ట పడి మొదటి రంధ్రం వస్తుంది. నత్త, వానపాము లాంటివాటిలో మామూలుగా ఆ రంధ్రం నోరవుతుంది, రొయ్య జాతి కూడా ఆ పెద్ద కొమ్మలోనిదే. నక్షత్రంలో, చేపలో, మనలో అది మలద్వారం వైపు అవుతుంది, నోరు తర్వాత వేరేచోట తెరుచుకుంటుంది. పైగా నక్షత్రం పిల్ల ఐదు చేతులతో పుట్టదు, ఎడమ కుడి సమానంగా ఉండే లార్వాగా ఈదుతుంది. డీఎన్ఏ పోల్చి చూసినా నక్షత్రం మన కొమ్మలోనే తేలింది.

ఇంకా దగ్గరివి కూడా ఉన్నాయి. జెట్టీ స్తంభాలకి, తాళ్లకి పట్టుకుని ఉండి నొక్కితే నీళ్లు చిమ్మే సంచుల్లాంటి జీవులు, అసిడియన్లు. వెన్నెముక లేదు కాబట్టి అకశేరుకాల్లో వేస్తాం. వాటి లార్వా తోకలో పృష్ఠవంశం, అంటే వెన్నెముక స్థానంలో ఒక మెత్తటి కడ్డీ ఉంటుంది, కాబట్టి వెన్నెముక జీవులుండే కార్డేటా వర్గంలో మన పక్కనే కూర్చుంటుంది.

ఇద్దరు పిల్లల తండ్రి, బరంపురం
చిన్నపిల్లలకి ఇది మరీ ఎక్కువ కాదా? కళ్లకు కనబడేది వేరు, మీరు చెప్పేది వేరు. రొయ్యకి తల ఉంది, కళ్లున్నాయి, ఈదుతుంది. నక్షత్రానికి ఏమీ లేదు. ఇప్పటిదాకా చూసి నమ్మమన్నారు, ఇప్పుడు చూసింది నమ్మొద్దంటున్నారు.

పర్లాకిమిడి మాస్టారు
చాలా సరైన అభ్యంతరం, దాన్ని దాటేసి పోకూడదు. కళ్లు, ఈత, తోక అవసరం కొద్దీ వేరువేరు వంశాల్లో విడివిడిగా వస్తాయి. స్క్విడ్డు కన్ను మన కన్నులాగే ఉంటుంది, అయినా చుట్టరికం లేదు. డాల్ఫిన్ చేపలా ఉంటుంది. చిలికా సరస్సులో ఇరావడి డాల్ఫిన్ దూకినప్పుడు పిల్లలు చేప అంటారు. తోక చూడమనండి. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది, డాల్ఫిన్ తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఊగుతుంది, దానికి మొప్పలు లేవు, పాలిస్తుంది. చూడటం మానేయమని అనడం లేదు బాబూ. ఒక్క పోలికతో ఆగకుండా, పుట్టుక నుంచి కూడా చూడమంటున్నాను. ఆ పాప వయసుకు "నక్షత్రమే దగ్గర, చిన్నప్పుడు అది కూడా ఎడమ కుడి సమానంగానే ఉండేది" అంటే చాలు. మిగతాది కాలేజీలో వింటుంది.

అదే మాట చేపలకూ వర్తిస్తుంది. 1938లో దక్షిణాఫ్రికా తీరంలో ఒక వలలో కండగల రెక్కలున్న పెద్ద చేప పడింది. మ్యూజియంలో పనిచేసే మార్జొరీ కోర్టెనే లాటిమర్ ఆ కుప్పలోంచి దాన్ని గుర్తించింది. ఆరున్నర కోట్ల ఏళ్లకు ముందే అంతరించిందనుకున్న సీలకాంత్ అది, ఆమె పేరు మీదే లాటిమెరియా అన్నారు. సీలకాంత్, ఊపిరితిత్తుల చేప, వీటి వంశం కప్పలకూ మనకూ దగ్గర, సొరకు కాదు. అంటే చేపలు కూడా ఒక్క కుటుంబం కాదు, నీళ్లలో మొప్పలతో బతికే వెన్నెముక జీవుల్ని అలా పిలుస్తున్నాం. ఆ జాతులే దాదాపు 35,000, వెన్నెముక జీవుల్లో సుమారు సగం.

బరంపురం బీఎస్సీ
టీచర్, చిలికాకు కూడా పిల్లల్ని తీసుకెళ్లండి. సముద్రపు చేప, మంచినీటి చేప, రెండిటి మధ్య తిరిగేవి ఒక్కచోట దొరుకుతాయి. జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ 1914లో అక్కడి జీవులన్నిటినీ వరుసగా సేకరించడం మొదలుపెట్టాడు, తర్వాత 1916లో ఏర్పడిన జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మొదటి డైరెక్టర్ అయ్యాడు. ఆ సర్వేకు గోపాలపురంలోనే ఒక కేంద్రం ఉంది, మీకు దగ్గర. ముందుగా ఉత్తరం రాసి అడిగి చూడండి.

ఛత్రపురం టీచరమ్మ
తప్పకుండా. ఇంకొక్క సందేహం. వలలో పాములాంటివి వస్తాయి. కొన్నిటిని చేప అంటారు, కొన్నిటిని చూసి పరిగెత్తుతారు. పిల్లలు ఎలా తెలుసుకోవాలి?

గోపాలపురం తెప్ప
అక్కా, ఇది ఆటగా తీసుకోవద్దు. సముద్రపు పాముకి విషం ఉంటుంది. తోక తెడ్డులా చదునుగా ఉంటే పిల్లలు వెనక్కి జరగాలి. మా వాళ్లు కర్రతో తీసి నీళ్లలోకి విసిరేస్తారు.

పర్లాకిమిడి మాస్టారు
తమ్ముడి మాటే మొదట. దూరం నుంచే చూడవలసినవి: పాముకి ఒంటి నిండా పొలుసులు స్పష్టంగా ఉంటాయి, మొప్ప రంధ్రం ఉండదు, రెక్క ఉండదు, గాలి కోసం పైకి వస్తుంది. మలుగు చేపకి తల వెనక మొప్ప రంధ్రం, వీపు పొడవునా సన్నని రెక్క ఉంటాయి, ఒళ్లు జిగురుగా నునుపుగా ఉంటుంది. అయితే కొన్ని మలుగుల తోక కూడా చదునుగానే ఉంటుంది, ఒక్క తోకతోనే తేల్చేయకండి. పెద్దవాళ్లు చూసి చెప్పేదాకా ఏ పిల్లా ముట్టుకోకూడదు.

గోపాలపురం తెప్ప
ఆదివారం మా బాబాయి వాళ్లు వల లాగుతారు అక్కా. తెల్లవారేసరికి పిల్లల్ని తీసుకుని రండి, మొదట నేను కుప్ప చూసి జెల్లీ, పాము, టేకు పక్కకి తీసేస్తాను. రెండు బకెట్లు, రబ్బరు గ్లౌజులు తెండి. నక్షత్రాలూ చిన్న పీతలూ చూడ్డం అవగానే నీళ్లలో వదిలేద్దాం. బార్నకిల్ రాయి నేను తెస్తాను.

ఛత్రపురం టీచరమ్మ
వస్తున్నాం తమ్ముడూ. మాస్టారూ, వీలైతే మీరూ ఆ రోజుకి గోపాలపురం రండి. మా ఇంట్లో భోజనం.